పాత మిలిటరీ రైఫిల్ మీద తెలియని గుర్తులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆర్మీలో ఆర్మరర్‌గా, అంటే తుపాకీలు బాగుచేసేవాడిగా, చేసి సికింద్రాబాద్‌లో స్థిరపడ్డాక నాకు మిగిలిన ఉద్యోగం ఇది. ఎవరి అటక మీదో, ఏ ఊరి గడీ కొట్టుగదిలోనో ఓ తుపాకీ బయటపడుతుంది. దాని ఫొటో నా ఫోన్‌కి వస్తుంది. ఫొటోలో సగం మసక, మిగతా సగం తీసినవాళ్ల బొటనవేలు. కింద ఒక్క లైను: "సార్, దీని మీద ఏందో రాసుంది, ఏ దేశంది?" చెప్పిందే చెప్పి గొంతు అరిగింది కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గర ఆగితే చాలు.

## దొరికిన రోజు

అటక మీద తాత తుపాకీ దొరికింది. ఫస్ట్ ఏం చెయ్యాలె?

గుర్తుల సంగతి తర్వాత. అందులో తూటా ఉందనే అనుకోండి. మూతి మనుషుల వైపు తిప్పకండి, ట్రిగ్గర్ దగ్గరికి వేలు పోనివ్వకండి. బోల్ట్ (తూటా వెనక ముందుకీ వెనక్కీ జరిగే పిడి ఉన్న కడ్డీ) తెరవడం మీకు చేతకాకపోతే తెరవొద్దు, ఉన్నచోటే ఉంచి గదికి తాళం వేయండి. మూతిలోంచి మందు దట్టించే పాతకాలపు తుపాకీలైతే ఇంకా జాగ్రత్త. వేటకెళ్లి పేల్చకుండా తిరిగొచ్చి అలాగే గోడకు తగిలించిన రోజులవి. ఆ నల్లటి తుపాకీమందు తడవకపోతే తరాల తర్వాత కూడా అంటుకుంటుంది. "ఎనభై ఏండ్ల సంది అట్లనే ఉంది, ఏం గాదు" అన్న మాటను ఈ ఒక్క విషయంలో నమ్మకండి.

లైసెన్స్ ఎవరి పేరు మీదా లేదు. పోలీస్ స్టేషన్‌కి పోతే కేసు పెడ్తరా?

ఈ భయంతోనే చాలామంది మళ్లీ గోనెసంచిలో చుట్టి అటకెక్కిస్తారు. అసలు ప్రమాదం అక్కడే. 1959 నాటి ఆయుధాల చట్టంలోని 21వ సెక్షన్, లైసెన్సుదారు పోయాక మిగిలిన ఆయుధం లాంటి వాటికోసమే దారి చూపించింది. అనవసరమైన ఆలస్యం చేయకుండా దగ్గరలోని పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. తాతగారి పాత లైసెన్స్ పుస్తకం, మరణ ధ్రువపత్రం ఉంటే వెంట పెట్టుకోండి. హైదరాబాద్ నగరంలో లైసెన్సులిచ్చే అధికారం పోలీస్ కమిషనర్‌ది. వారసులుగా మీరు దరఖాస్తు చేసుకోవచ్చు. 2019 సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండు తుపాకీలకు మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చినా అదే లెక్క. లైసెన్స్ ఎప్పుడూ లేదని గట్టిగా తెలిస్తే, ముందు ఒక వకీలుతో మాట్లాడి ఆయన్ని వెంట తీసుకెళ్లండి.

తుపాకీని కారులో పెట్టుకొని మీ ఇంటికి తేవచ్చా? చూసి చెప్పేద్దురు.

వద్దు బాబూ. చట్టం ప్రకారం తప్పు. పైగా ఆ సాయంత్రం ఇద్దరం కలిసి స్టేషన్‌లో కూర్చోవాలి. ఫొటోలు చాలు.

బాగా తుప్పు పట్టింది, అక్షరాలు కనబడ్తలేవు. ఎమెరీ పేపర్ పెట్టి రుద్దాల్నా?

రుద్దితే తుప్పుతోపాటు అక్షరాలూ పోతాయి. వందేళ్ల కిందటి పంచ్ గుర్తుల్లో కొన్ని వెంట్రుక మందం లోతే ఉంటాయి. ఒక ఇంట్లో పాపం పెద్దావిడ, బట్‌కి, అంటే భుజానికి ఆనించే కర్రకి, ఉన్న ఇత్తడి బిళ్లని దీపపు కుందెతో కలిపి చింతపండు పెట్టి తోమేశారు. తళతళా మెరిసింది. పటాలం పేరు చెప్పే అక్షరాల్లో రెండే మిగిలాయి. కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు గుడ్డ మీద వేసి ఒత్తండి, ఒక రాత్రి వదిలేయండి, మెత్తటి గుడ్డతో తుడవండి. అంతకుమించి ఏమీ చేయొద్దు. ఇంకో మాట: తుపాకీ మీది పేరు, నంబరు, గుర్తు చెరిపేయడం, మార్చడం ఆయుధాల చట్టం 8వ సెక్షన్ కింద నేరం. "శుభ్రం చేశాను సార్" అంటే వినే పరిస్థితి ఉండకపోవచ్చు.

ఫొటో ఎట్ల తీస్తే మీకు అర్థమైతది?

ఫ్లాష్ ఆపేయండి. గది చీకటి చేసి, టార్చ్‌ని లోహానికి దాదాపు ఆనించి పక్కనుంచి వేయండి. గుంటల్లో నీడ పడి అక్షరాలు లేస్తాయి. అప్పటికీ లేవకపోతే సుద్దముక్క మెల్లగా రాసి వేలితో తుడవండి, గుంటల్లో తెలుపు మిగులుతుంది. పలచని కాగితం పెట్టి పెన్సిల్ అడ్డంగా రుద్దితే ఫొటో కన్నా బాగా వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద చేశాం కదా, అదే పని. మొత్తం తుపాకీ కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, తర్వాత ప్రతి గుర్తుకీ దగ్గర నుంచి ఒకటి. ఎవరికైనా పంపేముందు సీరియల్ నంబర్ చివరి రెండు అంకెలు కప్పేయండి.

## ఎక్కడ వెతకాలి

ఎంత చూసినా ఒక్క అక్షరం కనబడలేదు. అసలు ఎక్కడుంటాయి?

కర్ర మీద చూసి వదిలేస్తారు చాలామంది. బ్రిటిష్ సైన్యపు లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లకైతే బోల్ట్ పిడి వెనకాల, కర్ర మొదలయ్యేచోట ఉండే ఇనుప పట్టీ కుడివైపు చూడండి. జర్మన్ మౌజర్లకు తూటా కూర్చునేచోట పైన ఉండే గుండ్రటి ఉంగరం మీద, దాని ఎడమ గోడ మీద. ఆ తర్వాత బోల్ట్ పిడి, వెనక సైట్ (గురిచూసే అమరిక) కింది భాగం, మూతి దగ్గరి ఇనుప టోపీ, బట్ ఇత్తడి రేకు. స్క్రూల తలల మీద కూడా బియ్యపుగింజంత అంకెలుంటాయి. కొన్ని గుర్తులు గొట్టం అడుగున, కర్ర కింద దాక్కుంటాయి. వాటికోసం మీరు కర్ర విప్పకండి. పాత మరలు ఒకసారి జారితే మళ్లీ పట్టవు.

ఒక్క తుపాకీ మీద ఇరవై ముద్రలున్నాయి. ఏది అసలుది?

అన్నీ అసలువే కావచ్చు. ప్లాట్ కొనేటప్పుడు లింక్ డాక్యుమెంట్లు అడుగుతాం కదా, ఇదీ అంతే. తయారుచేసిన కార్ఖానా ఒక ముద్ర కొడుతుంది. పరీక్షించిన ఇన్‌స్పెక్టర్ తన అక్షరం కొడతాడు. ఎక్కువ మందుతో పేల్చి చూసినందుకు ఇంకో ముద్ర. సైన్యం తీసుకున్నప్పుడు సొంతదారు ముద్ర. పటాలానికి చేరాక బట్ మీద పటాలం పేరు, అరలో నిలబెట్టే వరస నంబరు. మరమ్మతుకు వెళితే ఇంకొకటి. యుద్ధంలో శత్రువు చేతికి చిక్కితే వాడి ముద్ర. చివరికి అమ్మేస్తే, అమ్మేసినట్టు ఒకటి. ఒక్క ముద్ర పట్టుకొని "ఇది ఫలానా దేశానిది" అనడం, ఆఖరి సేల్ డీడ్ ఒక్కటే చూసి స్థలం కొనడం లాంటిది. కార్ఖానా ముద్ర ఎక్కడ పుట్టిందో చెబుతుంది. ఎవరి భుజాన తిరిగిందో మిగతావి చెప్పాలి.

బోల్ట్ మీద ఒక నంబర్, బాడీ మీద ఇంకో నంబర్ ఉంది. దొంగతనంగా కలిపిందా?

అక్కర్లేదు. మరమ్మతు షెడ్డులో వంద రైఫిళ్లు ఒకేసారి విప్పితే బోల్టులు తారుమారు కావడం మామూలే. ఎన్‌ఫీల్డ్ పద్ధతిలో బోల్ట్ తల మార్చి, తూటాకీ బోల్ట్‌కీ మధ్య ఉండాల్సిన కొలత సరిచేసి, కొత్త నంబర్ కొట్టేవాళ్లం. పాత నంబర్ మీద గీత కొట్టి పక్కనే కొత్తది వేసి ఉంటే అది సైన్యంలో జరిగిన పనే అని ధైర్యంగా అనుకోవచ్చు. గీత లేకుండా రెండూ వేరువేరుగా ఉంటే ఎక్కడో, ఎప్పుడో బోల్ట్ మారింది. అలాంటి తుపాకీని పేల్చడం ప్రమాదం, కొలత కుదిరిందో లేదో ఎవరికీ తెలియదు.

గొట్టం మీద "18.5 టన్స్" అని చెక్కి ఉంది. ఇది ఫిరంగి భాగమా?

కాదు. నన్ను ఎక్కువగా నవ్వించే ప్రశ్న ఇదే, కానీ అడిగినవాళ్ల తప్పేం లేదు. బ్రిటన్‌లో సైన్యం వదిలేసిన రైఫిల్‌ని పౌరులకు అమ్మాలంటే లండన్ లేదా బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్‌లో మళ్లీ పేల్చి పరీక్షించాలి. పాసైతే కిరీటం కింద చిన్న అక్షరాలు, తూటా పేరు, తూటా గుల్ల పొడవు, తట్టుకునే ఒత్తిడి కొడతారు. పాయింట్ 303, 2.222 అంగుళాలు, చదరపు అంగుళానికి 18.5 టన్నుల ఒత్తిడి. ఆ వరస కనబడితే రైఫిల్ సైన్యం నుంచి బయటపడి ఇంగ్లండ్‌లో అంగడికి వచ్చిందన్నమాట. పక్కన "ఇంగ్లండ్" అని విడిగా కొట్టి ఉంటే ఎగుమతి కోసం కొట్టింది.

## ఏ దేశానిది

కిరీటం, దాని కింద జి.ఆర్. అని ఉంది. కొన్నిట్లో జి.ఆర్.ఐ. అని ఉంటుందట. తేడా ఏమిటి?

జి.ఆర్. అంటే లాటిన్‌లో జార్జ్ రాజు. చివరి ఐ "చక్రవర్తి". ఇంగ్లండ్‌కు ఆయన రాజు, మనకు చక్రవర్తి. అందుకని బెంగాల్‌లోని ఇషాపూర్ కార్ఖానాలో తయారైనవాటి మీద జి.ఆర్.ఐ. కనబడుతుంది, కింద ఇషాపూర్ అనీ సంవత్సరం అనీ ఉంటాయి. ఇంగ్లండ్‌వైతే కిరీటం కింద ఎన్‌ఫీల్డ్, బి.ఎస్.ఎ., ఎల్.ఎస్.ఎ. లాంటి కార్ఖానాల పేర్లుంటాయి. లిత్‌గో అంటే ఆస్ట్రేలియా, లాంగ్ బ్రాంచ్ అంటే కెనడా. "యు.ఎస్. ప్రాపర్టీ" అని ఉన్న ఎన్‌ఫీల్డ్ చూసి కంగారుపడకండి. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ కోసం అమెరికాలో చేసినవి అవి. స్వాతంత్ర్యం తర్వాత కిరీటం పోయి అశోక సింహాలు వచ్చాయి, కింద ఆర్.ఎఫ్.ఐ., అంటే రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్. దాంతోపాటు 7.62 అని, 2ఎ లేదా 2ఎ1 అని ఉంటే 1962 చైనా యుద్ధం తర్వాతి కాలపు రైఫిల్. దాని మ్యాగజైన్ 303 దానికన్నా పలకగా ఉంటుంది.

కాకికాలు లాంటి బాణం గుర్తు అన్ని చోట్లా ఉంది. ఏమిటది?

బ్రిటిష్ సర్కారు ఆస్తి అని. తుపాకీ మీదే కాదు, పాత మిలిటరీ బకెట్ల మీద, టెంట్ల మీద కూడా ఉండేది. ఆ బాణం చుట్టూ ఏముందో చూడటమే అసలు పని. కింద ఐ ఉంటే భారత సైన్యం. సి అక్షరం పొట్టలో ఉంటే కెనడా. డి అక్షరం తోడుంటే ఆస్ట్రేలియా. యు లోపల ఉంటే దక్షిణాఫ్రికా. ఎన్, జెడ్ మధ్య ఉంటే న్యూజిలాండ్. రెండు బాణాలు మొనలు ఎదురెదురుగా పెట్టి కొట్టి ఉంటే సర్కారు దాన్ని వదిలించుకుంది, సైన్యం లెక్కల్లోంచి తీసేశారు.

మా ముత్తాతల నాటి నాటు తుపాకీ మీద ఒక కాలెత్తిన సింహం ఉంది. ఇంకోదాని మీద హృదయం గుర్తు. రాజుగారివా?

రాజుగారివి కావు, వ్యాపారులవి. ఈస్టిండియా కంపెనీ మొదట సరుకు మూటల మీద వేసే హృదయం గుర్తునే తుపాకీల మీదా కొట్టేది. నాలుగు గదులుగా చీల్చి ఒక్కో గదిలో కంపెనీ పేరు అక్షరం, పైన నాలుగు అంకెలాంటి గీత. 1808 నుంచి దాని బదులు ముందుకాళ్లెత్తి నిలబడ్డ సింహం వచ్చింది. మన ప్రాంతంలో ఫ్రెంచి తుపాకీలు కూడా తగలొచ్చు. జనరల్ రేమండ్ నిజాం కొలువులో ఫ్రెంచి పద్ధతి పటాలం నడిపాడు, హైదరాబాద్‌లోని గన్‌ఫౌండ్రీకి ఆ పేరు ఆయన ఫిరంగుల కార్ఖానా వల్లే వచ్చింది. 1798లో ఆ పటాలం ఆయుధాలు దించేశారు. చకముకి రాయి నిప్పురవ్వతో పేలే తుపాకీకి ఆ యంత్రం రేకు మీద షార్ల్‌విల్ అనో సెయింట్ ఎటియెన్ అనో చదవగలిగితే అది ఫ్రాన్స్ కార్ఖానా పేరు.

బి వై ఎఫ్ 43 అని ఉంది. ఏ దేశం, ఏ కంపెనీ? గూగుల్‌లో ఏమీ రాలేదు.

కంపెనీ పేరు దాచడానికే అలా రాశారు. హిట్లర్ కాలంలో జర్మన్లు కార్ఖానాలకు సంకేతాక్షరాలిచ్చారు. బి వై ఎఫ్ అంటే ఓబెర్న్‌డోర్ఫ్‌లోని మౌజర్ కార్ఖానా, 43 అంటే 1943. అదే కార్ఖానా అంతకుముందు ఎస్/42 అని వాడింది, దానికి తోడు కె అంటే 1934, జి అంటే 1935. బి ఎన్ జెడ్ ఆస్ట్రియాలోని స్టైర్. డి ఓ టి చెక్ దేశంలోని బ్రనో. డేగ బొమ్మ, దాని కింద ఒక నంబర్ ఉంటే అది తనిఖీ ఆఫీసు ముద్ర, పెద్ద నాయకుడి తుపాకీ అని అర్థం కాదు. మొదటి ప్రపంచయుద్ధం నాటివైతే దాపరికం లేదు: కిరీటం, కింద స్పాండౌ, డాంజిగ్, అంబెర్గ్, ఎర్ఫుర్ట్ అని ఊరి పేరు, సంవత్సరం. ఎడమ గోడ మీద గెవ్. 98 అని వంకర అక్షరాల్లో.

ఉర్దూలో రాసుందనుకున్నాం. చార్మినార్ దగ్గర మౌల్వీ సాబ్‌కి చూపిస్తే అర్థం కాలేదన్నారు. నిజాందేనా?

లిపి చదివారు, భాష అందలేదు. హైదరాబాద్‌లో ఇది చాలాసార్లు జరుగుతుంది. ఒట్టోమన్ తుర్కులు 1928 దాకా అరబ్బీ లిపిలోనే టర్కిష్ రాసేవాళ్లు. మౌజర్ రైఫిల్ ఉంగరం మీద అల్లిబిల్లిగా అల్లిన సుల్తాన్ సంతకం, అంటే తుఘ్రా, ఎడమ గోడ మీద పొడుగాటి వాక్యం ఉంటే ఆ వాక్యం చాలావరకు "మౌజర్ కార్ఖానా, ఓబెర్న్‌డోర్ఫ్, జర్మనీ" అనే చెబుతుంది. తర్వాత అదే రైఫిల్‌ని టర్కీ గణతంత్రం మరమ్మతు చేయించి ఉంటే ఇంగ్లిష్ లిపిలో "అస్ఫా అంకారా" అని, టి.సి. అని, నెలవంక అని చేరతాయి. సింహం, దాని వెనక సూర్యుడు ఉంటే పర్షియా.

టర్కీ తుపాకీ ఇక్కడికి ఎలా వచ్చిందంటారా? మొదటి ప్రపంచయుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లు (నిజాం గుర్రపు దళం) సినాయ్, పాలస్తీనాల్లో తుర్కుల మీదే పోరాడారు. ఢిల్లీ తీన్‌మూర్తి విగ్రహాల్లో ఒకరు మన లాన్సరే, మిగతా ఇద్దరు మైసూరు, జోధ్‌పూర్ వాళ్లు. అయితే ఒక దారి ఉందని మీ తుపాకీ ఆ దారినే వచ్చిందని నేను రాసివ్వను.

చైనా అక్షరాలు నిలువుగా ఉన్నాయి. పైన పువ్వు గుర్తు గీకేసినట్టుంది.

జపాన్ అరిసాకా రైఫిల్. పదహారు రేకుల చామంతి చక్రవర్తి గుర్తు. 1945లో లొంగిపోయాక తుపాకీలు అప్పగించేముందు చాలావాటి మీద పువ్వుని గీకేశారు. పువ్వు చెక్కుచెదరకుండా ఉంటే అంతకుముందే యుద్ధరంగంలో చేజిక్కి ఉండవచ్చు, ఇంఫాల్, బర్మా వైపు నుంచి వచ్చిన కుటుంబ కథ ఉంటే దానికి బలం. పువ్వు కింద రెండు అక్షరాలు అంకెలు, మూడోది "రకం". అడ్డగీతలు మూడు ఉంటే 3, దాని కింద 8 ఉంటే 38వ రకం. అది మెయిజీ చక్రవర్తి 38వ ఏడు, అంటే 1905. 99వ రకం జపాన్ సొంత శకం 2599, అంటే 1939. సీరియల్ పక్కన నాలుగు గుండ్లు పేర్చినట్టుంటే టోక్యో లేదా కొకురా కార్ఖానా.

రష్యన్ గుర్తులు ఎట్ల గుర్తుపట్టాలె?

నక్షత్రం లోపల బాణం ఉంటే తులా కార్ఖానా. త్రికోణంలో బాణం ఉంటే ఇజెవ్‌స్క్ కార్ఖానా. రెండు తలల డేగ ఉంటే జార్ కాలం. చతురస్రంలో ఎస్.ఎ. అని విడిగా ఉంటే ఫిన్లండ్ సైన్యం చేతికి వెళ్లింది.

సైట్ పక్కన "18" రోమన్ అంకెల్లో ఉంది, ఇంకోచోట 1940 ఉంది. రెండూ ఒకదానిమీదే ఎందుకు?

ఇటలీ. ముస్సోలినీ తన ఏలుబడి లెక్క 1922 అక్టోబర్ నుంచి మొదలుపెట్టాడు. 18వ ఏడు 1939 అక్టోబర్ నుంచి 1940 అక్టోబర్ వరకు. రెండు లెక్కలూ సరిపోయాయి. అక్కడి కార్ఖానా ఊరు "టెర్ని" అన్న పేరు కోసం చూడండి.

హిందీలో రాసినట్టుంది. సంవత్సరం 1950ల్లో ఉంది, కానీ తుపాకీ చూస్తే ఇంకా పాతది.

నేపాల్ కావచ్చు. నాగరి అంకెల్లో ఉన్నది విక్రమ సంవత్. సుమారు 57 తీసేయండి, 1890లు వస్తాయి.

బ్రనో అని స్పష్టంగా ఉంది. యుద్ధం నాటిదే కదా?

బ్రనో కార్ఖానా సైన్యాలకూ చేసింది, వేటగాళ్లకూ చేసింది. వాళ్ల పాయింట్ 22 రైఫిళ్లు, వేట రైఫిళ్లు మన దేశానికి లైసెన్సుల మీద బాగానే వచ్చాయి. రెండు తోకల సింహం, ఇ అక్షరం, పక్కన రెండంకెల సంవత్సరం ఉంటే చెక్ సైన్యం తీసుకుంది. సంగీన్ (బాయొనెట్) బిగించే కొక్కెం లేకుండా, కర్ర సన్నగా పాలిష్‌తో ఉంటే అది ఏ దొరగారి వేట సరంజామానో.

## సంవత్సరం ఎలా చదవాలి

ఉర్దూ అంకెలు మా పక్కింటాయన చదివారు. ఆయన చెప్పిన ఏడు కుదరడం లేదు.

అంకెల ఆకారాల్లో తిరకాసు ఉంది. నిలువు గీత ఒకటి. ఇంగ్లిష్ వి ఆకారం ఏడు, దాన్ని బోర్లిస్తే ఎనిమిది. ఇక్కడిదాకా ఉర్దూ, ఫార్సీ, అరబ్బీ ఒకటే. నాలుగు, ఐదు, ఆరు దగ్గర దారులు వేరవుతాయి. అరబ్బీ పద్ధతిలో ఐదు అచ్చం మన సున్నాలా ఉంటుంది, సున్నా మాత్రం ఒట్టి చుక్క. అరబ్బీ ఆరు ఇంగ్లిష్ ఏడులా కనబడి మోసం చేస్తుంది. ఉర్దూకి అలవాటుపడ్డ కన్ను ఒట్టోమన్ అంకెలు చూస్తే ఇక్కడే జారుతుంది. ఒక అంకె అనుమానంగా ఉంటే అదే తుపాకీ సీరియల్‌లోనో, సైట్ మీది దూరాల వరసలోనో ఆ ఆకారం ఎక్కడుందో వెతకండి. సైట్ మీద 4, 5, 6 వరసగా ఉంటాయి, అదే మీకు పెద్దబాలశిక్ష.

1311 అని తేలింది. అంటే ఏ సంవత్సరం?

ఎవరి 1311 అన్నదాన్ని బట్టి. ఒట్టోమన్ ఆఫీసులు వాడిన మాలి లెక్కైతే 584 కలపాలి, 1895. హిజ్రీ అయితే 1893-94. ఇరాన్ సూర్యమానమైతే 621 కలపాలి, 1932. మన నిజాం రాజ్యపు ఫసలీ అయితే 590 కలపాలి, 1901. ఒకే నాలుగు అంకెలకు దాదాపు నలభై ఏళ్ల తేడా!

ఎలా తేల్చాలి? తుపాకీ మోడల్‌తో. తుఘ్రా ఉన్న ఒట్టోమన్ మౌజర్ మీద ఫసలీ ఉండదు. బ్రనోలో ఇరాన్ కోసం చేసిన మౌజర్ 1895లో పుట్టే వీల్లేదు. ఫసలీ మీకు తగిలేది తుపాకీ మీద కన్నా దానితో దొరికిన కాగితం మీద. నిజాం జమానా లైసెన్స్ ఉర్దూలో ఉంటే దాని మీద 1350 అన్నది 1940 ప్రాంతం. అటు తుపాకీ తేదీ ఒక శకంలో, ఇటు కాగితం తేదీ ఇంకో శకంలో ఉండి, కాగితం తుపాకీ కన్నా ముందే పుట్టినట్టు కనబడి ఇంట్లో గొడవలైన సంగతి నాకు తెలుసు. సియాం, అంటే థాయ్‌లాండ్ మౌజర్‌కి చక్రం గుర్తు ఉంటుంది. వాళ్ల బౌద్ధ శకంలోంచి 543 తీసేయాలి.

1917, 1920 రెండూ కొట్టి ఉన్నాయి. ఎప్పుడు చేసినట్టు?

1917లో. జర్మన్ రైఫిల్ మీద రెండో సంవత్సరం 1920 అయితే, ఓడిపోయాక మిగిలిన సైన్యం తన ఆస్తి అని కొట్టుకున్న ముద్ర. ఎన్‌ఫీల్డ్‌ల మీద ఎఫ్.టి.ఆర్. పక్కన తర్వాతి సంవత్సరం ఉంటే కార్ఖానాలో పూర్తిగా విప్పి బాగుచేసిన ఏడు.

## అనుమానాలు

ఇది నకిలీ అని ఒకాయన అన్నారు. విదేశీ ముద్రలు ఉన్నాయి కదా, నకిలీ ఎట్లయితది?

ముద్రలే నకిలీవి కావచ్చు. పాకిస్తాన్‌లో పెషావర్ దగ్గరి దర్రా ఆదమ్‌ఖేల్‌లో కమ్మరులు తరతరాలుగా బ్రిటిష్ రైఫిళ్లను చూసి చేతితో చేస్తున్నారు. ఇంగ్లిష్ రాని చెయ్యి అక్షరాన్ని బొమ్మలా గీస్తుంది. ఎన్ అక్షరం తిరగబడుతుంది, ఎన్‌ఫీల్డ్‌లో ఒక అక్షరం తప్పిపోతుంది, కిరీటం కాకరకాయలా ఉంటుంది. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం చరిత్ర. విక్టోరియా రాణి 1901 జనవరిలో పోయింది. వి.ఆర్. కింద 1919 ఉంటే ఆ రాణి ఆత్మ వచ్చి సంతకం పెట్టాలి. 1901 నుంచి 1910 దాకా ఎడ్వర్డ్ ఇ.ఆర్., ఆ తర్వాతే జి.ఆర్. చూడటానికి ముచ్చటైన పనితనం, మ్యూజియంలో పెట్టదగ్గది. కానీ ఆ ఇనుము రైలుపట్టాదో, ఇంకేదో. ఎప్పుడూ పేల్చకండి.

డి.పి. అని పెద్ద అక్షరాలు, గొట్టానికి రాగి తీగ చుట్టి ఉంది...

డి.పి. అంటే డ్రిల్‌కి మాత్రమే. కాలేజీలో ఎన్.సి.సి. చేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పేల్చడానికి పనికిరాదని పక్కన పెట్టినవి. తీగ చుట్టింది గ్రెనేడ్‌లు విసరడానికి వాడినందుకు, గొట్టం చీలినా చెయ్యి పోకుండా.

మా పెద్దనాన్న ఇది రజాకార్ల దగ్గర గుంజుకున్నదంటాడు. గుర్తులను బట్టి చెప్పగలరా?

చెప్పలేను. ముద్ర సర్కారు పేరు చెబుతుంది, మనిషి పేరు చెప్పదు. 1948లో ఆస్ట్రేలియా పైలట్ సిడ్నీ కాటన్ కరాచీ నుంచి విమానాల్లో హైదరాబాద్‌కు ఆయుధాలు చేరవేశాడు. సంస్థానం సైన్యానికి అంతకుముందే సొంత రైఫిళ్లున్నాయి. సాయుధ పోరాట దళాలు పోలీసుల నుంచి, దేశ్‌ముఖ్‌ల గడీల నుంచి లాక్కున్నవి ఉన్నాయి. సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చి నాలుగైదు రోజుల్లో అంతా ముగిశాక ఏ తుపాకీ ఏ బావిలో పడిందో, ఏ ఇంటి అటకెక్కిందో ఎవరు లెక్క రాశారు? మీ పెద్దనాన్న మాటను కొట్టేయను. ఆయన చెప్పింది తేదీ, ఊరు, పేర్లతో సహా ఫోన్‌లో రికార్డు చేయండి. ఇనుము ఇంకో వందేళ్లు ఉంటుంది, ఆయన ఉండరు.

303 లాగనే ఉంది. మరి 315 అని ఎందుకుంది?

రూపం ఎన్‌ఫీల్డ్‌దే, తూటా వేరు. సైన్యం వాడే 303 పౌరుల చేతికి ఇవ్వకూడదని బ్రిటిష్ కాలం నుంచి కట్టడి. అందుకని మన ఆర్డ్‌నెన్స్ కార్ఖానా అదే యంత్రాంగంతో 315 వేట రైఫిల్ చేసి అమ్మింది. ఈ తేడా మీకు చాలా ముఖ్యం: 303 నిషిద్ధ బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి కొలత), డీలర్లు పి.బి. అనేది దాన్నే. దానికి అనుమతి కేంద్ర హోం శాఖ నుంచి రావాలి. 315 ఎన్.పి.బి., అంటే నిషిద్ధం కాని బోర్, మామూలు లైసెన్సుకు వస్తుంది. 410 అని ఉండి లోపల గొట్టం నున్నగా ఉంటే అది కాపలా డ్యూటీల కోసం ఇషాపూర్‌లో మార్చిన మస్కెట్ తుపాకీ. చిన్నది కదా అని తేలిగ్గా తీసుకోకండి, అదీ నిషిద్ధ జాబితాలోదే.

## ఆ తర్వాత

వందేళ్లు దాటింది కాబట్టి లైసెన్స్ అక్కర్లేదట కదా?

వయసు ఒక్కటే చాలదు. పాతకాలపు పద్ధతిదో, పురాతన విలువ ఉన్నదో, పాడైందో అయి, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరాకపోతేనే చట్టం 45వ సెక్షన్ మినహాయింపు. పనికిరాదని తేల్చాల్సింది మీరూ కాదు, నేనూ కాదు. వందేళ్లు దాటినదానికి 1972 పురావస్తువుల చట్టం కూడా వర్తిస్తుంది. అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపుదామనుకుంటే ఆ ఆలోచన ఇప్పుడే మానుకోండి.

దీనికి ఎంత వస్తుంది?

అమెరికా వెబ్‌సైట్లో డాలర్ల ధర చూసి రూపాయల్లోకి మార్చి అడుగుతారు. ఇక్కడ అలాంటి అంగడి లేదు. లైసెన్స్ ఉన్న మనిషికో, డీలర్‌కో, అధికారులకు తెలిపి అమ్మాలి. నిషిద్ధ బోర్ అయితే కొనేవాళ్లే దొరకరు.

పోల్చి చూసుకోవడానికి నగరంలో ఎక్కడన్నా ఉన్నాయా?

సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదికి వెళ్లండి, చౌమహల్లా ప్యాలెస్‌లోనూ ఉన్నాయి. అద్దం వెనక ఉంటాయి కాబట్టి చిన్న ముద్రలు చదవలేరు. కానీ చకముకి తుపాకీకి, చిన్న రాగి టోపీ పెట్టి పేల్చే టోపీ తుపాకీకి, బోల్ట్ రైఫిల్‌కి తేడా అరగంటలో తెలుస్తుంది. ఫోన్లో వంద ఫొటోలు చూసినా రాని తెలివి అది. ఆదివారం వెళ్లకండి, జనం.

స్టేషన్‌లో డిపాజిట్ చేస్తే ఇగ మాకేం మిగుల్తది?

ఇచ్చేముందు ప్రతి ముద్రకీ పెన్సిల్ రుద్దిన కాగితం తీసుకోండి, వెనక తేదీ రాయండి, రసీదుతో కలిపి పెట్టండి. బట్ ఇత్తడి బిళ్ల ఊడదీసి దాచుకోకండి, అది తుపాకీతోనే పోవాలి. మలక్‌పేటలో ఒక ఇంట్లో రైఫిల్ ఇచ్చేసి, ఆ కాగితం ఒక్కదానికి ఫ్రేమ్ కట్టించి హాల్లో తాతగారి ఫొటో కింద పెట్టారు. కిరీటం, జి.ఆర్.ఐ., ఇషాపూర్, 1942. ఇంటికొచ్చినవాళ్లు అది ఏ పాత నాణెమో అనుకుంటారట.